ఓర్ట్విన్ పీపా నీళ్లు

హెల్మ్‌ఫ్రీడ్ చేపలతొట్టిలో గురువారం రాత్రి దాకా అరవైకి పైగా చేపలున్నాయి. శుక్రవారం తెల్లవారేసరికి ఒక్కటీ మిగల్లేదు. నీలం గీత చేపలు గులకరాళ్ల మీద పడి వెలిసిపోయాయి. పళ్లెమంతేసి పెద్దవి నాలుగూ పక్కకి ఒరిగి, గొట్టంలోంచి వచ్చే నీటి ఉరవడికి ఊగుతున్నాయి, ప్రాణమున్నట్టే.

హెల్మ్‌ఫ్రీడ్ భార్య గుండులా ఫోన్ చేసిన వెంటనే ఓర్ట్విన్ రోడ్డు దాటి వచ్చాడు. ఆ ఊళ్లో ఎవరి చేపలకి ఏం వచ్చినా అతన్నే పిలుస్తారు. నలభై ఏళ్లు అడవిలో చెట్లు కొట్టిన మనిషి, మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ.

తొట్టికి ఎదురుగా కుర్చీలో హెల్మ్‌ఫ్రీడ్ కూర్చునున్నాడు. పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. మాట పోయింది, కుడిచెయ్యి పోయింది. పొద్దున కుర్చీలో కూర్చోబెడితే మళ్లీ చీకటి పడేదాకా ఆ చేపల్నే చూస్తూ ఉంటాడు. ఇప్పుడూ చూస్తూనే ఉన్నాడు.

"పడుకునేటప్పుడు బాగానే ఉన్నాయి ఓర్ట్విన్. పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయనుకో, మేతకి కాబోలు అనుకున్నా," అంది గుండులా. తర్వాత వంటింటి గుమ్మం వైపు చెయ్యి చూపించింది. "అంతా ఈవిడ చలవే. నిన్న కిటికీ అద్దాలకి మందు కొట్టి తుడిచింది."

గుమ్మంలో దనూత నిలబడి ఉంది. పోలండ్ నుంచి వచ్చి ఆ ఇంట్లోనే ఉంటూ హెల్మ్‌ఫ్రీడ్‌కి తినిపించి, తుడిచి, పక్క మార్చే మనిషి.

"తొట్టికి మూత పెట్టాకే కొట్టానండీ. పైన తువ్వాలు కూడా కప్పాను."

"కప్పావు! అందుకే ఇంత చక్కగా చచ్చాయి!"

ఓర్ట్విన్ నీళ్లలో చెయ్యి పెట్టి వేడి చూశాడు. జేబులోంచి పరీక్ష కాగితాలు తీసి ముంచాడు. రంగులు ఉండాల్సినట్టే ఉన్నాయి. ఒక చేపని అరచేతిలోకి తీసుకుని మొప్ప ఎత్తాడు. లోపల ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి, జిగురు పట్టి ఉంది.

"నీళ్లు మార్చారా?" అని అడిగాడు.

"నిన్న సాయంత్రం మార్చాం. సగం తొట్టి. నీ పీపా నీళ్లేగా, వాటికేం?"

ఓర్ట్విన్ చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

ఆ ఊరి కుళాయి నీళ్లలో సున్నం. కెటిల్‌లో వేలి మందాన పేరుకుంటుంది. సున్నం లేని మెత్తని నీళ్లు కావలసిన చేపలకి ఊరంతా ఓర్ట్విన్ చూరు కింది వానపీపాకే వస్తుంది. పీపా ఖాళీ అని అతను ఎవర్నీ తిప్పి పంపింది లేదు. అది అతనికి గొప్ప.

అయితే ఈ ఏడాది అందమైన గ్రామాల పోటీకి ఊరు పేరిచ్చింది. గ్రామసభలో అందరి ముందూ ఊరిపెద్ద, "ఓర్ట్విన్ ఇంటి కప్పు మీద మేకల్ని మేపుకోవచ్చు," అన్నాడు. సభంతా నవ్వింది. ఆ వారమే ఓర్ట్విన్ నిచ్చెన వేసి పెంకులన్నిటి మీదా పాచిని చంపే మందు కొట్టాడు. డబ్బా మీద రాసింది చదివాడు కూడా. పీపాలోకి వెళ్లే గొట్టం విప్పేశాడు. మొదటి వాన నేలపాలు చేశాడు. రెండో వాన కూడా వదిలేయమని రాసుంది. కానీ పీపా అడుగంటింది, గురువారం నీళ్లకి వస్తానని గుండులా చెప్పి ఉంది. వాన జోరుగా పడింది, కడుక్కుపోయుంటుందిలే అనుకుని గొట్టం తగిలించాడు.

"ఏమంటావు?" అంది గుండులా.

ఓర్ట్విన్ పీపా సంగతి చెప్పబోయాడు. హెల్మ్‌ఫ్రీడ్ కళ్లు తన మీదే ఉన్నాయి.

"అద్దాల మందంటే... అయినా అయ్యుండొచ్చు."

"విన్నావా? చేపల సంగతి తెలిసిన మనిషి చెప్తున్నాడు. రేపటి బస్సుకి నీ సామాను సర్దుకో!"

దనూత ఓర్ట్విన్ వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి, తను పొరబడ్డానేమోనన్న ఆశతో, రెండు గాజు గ్లాసులు తీశాడు. ఒకదాంట్లో చెరువు నీళ్లు, ఒకదాంట్లో పీపా నీళ్లు పోశాడు. చేపల మేతకని పెంచుకునే ఆవగింజంత నీటిపురుగుల్ని రెండింట్లోనూ వేశాడు. చెరువు నీళ్లలోవి గెంతుతూనే ఉన్నాయి. పీపా నీళ్లలోవి, అతని కాఫీ చల్లారకముందే, ఒక్కొక్కటిగా అడుక్కి దిగిపోయాయి.

పోటీ న్యాయనిర్ణేతలు మధ్యాహ్నం వచ్చారు. ఊరిపెద్ద వాళ్లని అతని కంచె దగ్గర ఆపాడు.

"చూడండి, కొత్త పెంకుల్లా లేవూ? మా ఓర్ట్విన్ ఒక్కడే ఎక్కి కడిగాడు, ఈ వయసులో!"

"వాననీళ్లు కూడా వృథా పోనివ్వరన్నమాట!" అని ఒకావిడ పీపాని ఫోటో తీసుకుంది. ఓర్ట్విన్ నేల చూపులు చూశాడు. సిగ్గరి అని నవ్వుకుంటూ వాళ్లు ముందుకి సాగారు.

మర్నాడు బస్సుకి గంట ముందే అతను రోడ్డు దాటాడు. ముందుగదిలో దనూత పెట్టె కట్టి ఉంది. ఆమె సూప్ గిన్నె పట్టుకుని హెల్మ్‌ఫ్రీడ్ పక్కన కూర్చునుంది. ఆయన మొహం గోడ వైపు తిప్పేసుకున్నాడు.

"నిన్నట్నుంచి నా చేతి ముద్ద ముట్టడం లేదు," అంది దనూత, ఓర్ట్విన్ వైపు చూడకుండానే.

"గుండులా, చేపల్ని చంపింది నేను," అన్నాడు ఓర్ట్విన్. "కప్పుకి కొట్టిన పాచిమందు పీపాలోకి దిగింది. ఈవిడ తప్పు ఏమీ లేదు."

గుండులా కుర్చీ వెన్ను పట్టుకుంది. "అయితే నిన్న అలా అన్నావేం?"

"నిన్ననే మీకు తెలుసా?" దనూత అడిగింది.

"తెలుసు."

"నేను తప్పు చేయలేదని తెలిసీ నన్ను పొమ్మంటుంటే విన్నారా?"

"విన్నాను."

ఆమె గిన్నె బల్ల మీద పెట్టింది. "నాకు కాదు, ఆయనకి చెప్పండి. ఎదురుగా వెళ్లి చెప్పండి."

ఓర్ట్విన్ గోడకీ కుర్చీకీ మధ్య ఇరుకులో మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే బళ్లో ఒకే బల్ల మీద చదువుకున్నవాళ్లు. పాచిమందు సంగతి, గొట్టం సంగతి, నిన్నటి అబద్ధం సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పాడు. హెల్మ్‌ఫ్రీడ్ అంతా విన్నాడు. తర్వాత మెల్లగా మొహం ఇటు తిప్పి, ఓర్ట్విన్ మీంచి చూపు మళ్లించి దనూతని చూసి, నోరు తెరిచాడు.

ఆమె చెంచా అందించింది.

"దనూతా, ఉంటావా?" అంది గుండులా, చిన్న గొంతుతో.

"ముందు ఆయన్ని తిననివ్వండి. తర్వాత మాట్లాడదాం."

ఓర్ట్విన్‌ని లెమ్మని గానీ కూర్చోమని గానీ ఎవరూ అనలేదు. అతనే లేచి, బకెట్ తెచ్చుకుని, వాళ్ల వైపు వీపు పెట్టి, నిన్నట్నుంచి తొట్టిలోనే ఉన్న చచ్చిన చేపల్ని ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాడు. వెనక గిన్నెకి చెంచా తగులుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అతను తల తిప్పలేదు.