నా వైపు చుక్కలు

"ఏమే సత్యా, వంటయినాక దీన్ని కొంచం చూడు. తీగెలు కొట్టుకుంటుండాయి" అని బేస్ గిటార్‌ని బియ్యం డ్రమ్ముకి ఆనించి స్నానానికి పోయాడు మా ఆయన రాఘవేంద్రన్. వంటయినాకట! ఈ ఇంట్లో వంట ఎప్పుడైనా అయిపోయిందా? ఇడ్లీపాత్ర దించేలోపు కుక్కర్ ఎక్కుతుంది, కుక్కర్ దిగేలోపు అత్తకి కాఫీ కావాలి. ఆ సందులోనే ఆయన ట్రూపు గిటార్లూ మైకు వైర్లూ నేను బాగుచెయ్యాలి. సాయంత్రం కళుగుమలైలో పెళ్లి రిసెప్షన్, ఆయన వాయించాలి.

నాకూ మధ్యాహ్నం విరుదునగర్‌లో రిహార్సల్ ఉంది. ఆ సంగతి నిన్ననే చెప్పాను. ఆయన ట్రూపులో పాడి పాడి విసిగి బయటికొచ్చేసిన సెల్వలక్ష్మి, ఆడవాళ్లతోనే ఒక బృందం కడుతోంది. "నువ్వు బేస్ పట్టుకుంటేనే అక్కా, లేదంటే ఇంతటితో విడిచేస్తాను" అంది ఫోన్లో. విని మా ఆయన నవ్వాడు. "పొయ్యేసి రా, ఎవరొద్దన్నారు? బేస్ మాత్రం నాకు కావాల" అన్నాడు. ఉత్త చేతులతో పోయి ఏం వాయించాలి, గరిటా?

ఆ బేస్ నాది. నేను విరుదునగర్ కాలేజీలో చదివేటప్పుడు, అరుప్పుకోట్టైలో మగ్గాలు నడిపే మా నాయన కొనిచ్చింది. అంగట్లో ఉన్నవాటన్నిట్లోకీ చవకది. నాది పుర్రచేతి వాటం. ఎడమచేతి బేస్ మా వైపు ఎక్కడ దొరుకుతుంది? కుడిచేతిదే తెచ్చుకుని తీగెలన్నీ విప్పి తారుమారు చేసుకున్నాను. తీగెలు కూర్చునే గాళ్లున్న ప్లాస్టిక్ ముక్కని నట్ అంటారు. లావు తీగెకి వెడల్పు గాడి కావాలి గనక, ఇంకో ముక్క తెచ్చి ఆకురాయితో నా వరసకి రాచుకున్నాను. తిరగేసి పట్టుకుంటే మెడ అంచున గుర్తుచుక్కలు అవతలి వైపుకి పోయాయని, నా కళ్లకి కనబడే అంచున ఎర్ర గోళ్లరంగుతో చుక్కలు పెట్టుకున్నాను. పెళ్లయిన కొత్తలో నేను పుట్టింటికి పోయి వచ్చేలోగా ఆయన తీగెలు తన వైపుకి తిప్పించేసుకున్నాడు. "నువ్వింక ఎక్కడ వాయించబోతావు?" అన్నాడు. పీకి పారేసిన నా నట్‌ని చెత్తలోంచి ఏరి బొత్తాల డబ్బాలో దాచుకున్నాను. చుక్కల జోలికి మాత్రం పోలేదు ఆయన. ఎవరైనా అడిగితే డిజైన్ అంటాడు.

అప్పటికే ఇంట్లో నా ఎడమచేతి మీద పంచాయితీ. వచ్చిన మొదటిరోజే ఆ చేత్తో పెరుగు వడ్డించానని మా అత్త అంగమ్మాళ్ విస్తరి ముందునుంచి లేచిపోయింది. "పీచాంకై పిల్లని, పుర్రచేతిదాన్ని తెచ్చి మా తలకి కట్టినారు. లచ్చిమి నిలుస్తుందా ఇంట్లో?" అంది. అప్పటినుంచి గరిట కుడిచేత్తోనే. పోయినేడు ఆయన వేలు తెగి కట్టు కట్టుకున్నప్పుడు, ఈ ఒక్క కచ్చేరీ నేను వాయిస్తానని అడిగాను. "పెండ్లి స్టేజీలో ఎడంచెయ్యా? పెండ్లోళ్లు చెప్పుతో కొడతారు" అని మదురై నుంచి ఎవరినో పిలిపించాడు. ఆ బేస్‌ని సరిచేసి పంపింది మాత్రం ఈ ఎడమచెయ్యే. దానికి దోషం లేదు కాబోలు! ఇంకోసారి ట్రూపు పెద్ద మారిసెల్వం అన్న మా ఇంటికొచ్చి, "బేస్ ఎంత నైసుగా పలుకుతుండాది, ఎవరు సర్వీసు చేసేది?" అని అడిగాడు. "నేనే అన్నా. వేరేవాళ్లని చెయ్యి పెట్టనిస్తానా?" అన్నాడు ఈయన, నేనిచ్చిన కాఫీ ఊదుకుంటూ. నా వైపు చూడనైనా లేదు. ఒళ్లు మండిపోయింది నాకు.

అన్నం వార్చేసి బేస్‌ని ఒళ్లో పెట్టుకున్నాను. ఎండలో వ్యాన్ మీద కట్టి తిప్పితే చెక్క ఆరి మెడ వెనక్కి వంగి, తీగెలు మెట్లకి కొట్టుకుంటాయి. మరీ తిన్నగా ఉన్నా పనికిరాదు, తీగె ఊగడానికి నడుమ కొంచెం పల్లం ఉండాలి. లావు తీగెని మొదటి మెట్టు దగ్గరా చివరి మెట్టు దగ్గరా నొక్కిపట్టి, నడుమ సందు చూడాలి. ఆ సందులో అగ్గిపెట్టె అట్ట దూరితే చాలు. ఊరంతా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలే, మా కోవిల్‌పట్టిలో వాటికేం కరువు! ఇవాళ అట్ట కాదు గదా, వెంట్రుక కూడా దూరలేదు. మెడ లోపలుండే ఇనుప కడ్డీని అలెన్ కీ అనే వంపు ఇనుప పుల్లతో పావు చుట్టు వదులుచేసి, మళ్లీ శ్రుతి చేశాను. అట్ట దూరింది. కొట్టుకోవడం ఆగింది. ఆయనకి కావలసిన పని అయిపోయింది. ఇక సంచిలో పెట్టి, అంట్లు తోమడానికి లేవాలి.

లేచాను గానీ, అంట్ల దగ్గరికి పోలేదు. బొత్తాల డబ్బా తెచ్చుకున్నాను. తీగెలు నాలుగూ విప్పి, ఆయన నట్‌ని మెల్లగా తట్టి ఊడదీసి, నాది జిగురుతో అంటించాను. అది ఆరాక తీగెల్ని నా వరసలో ఎక్కించాను. అవతలి కొసన అవి ఆనే ఇనుప ముక్కల ఎత్తులు మార్చాను. పన్నెండో మెట్టు దగ్గర స్వరం పైకి పోతుంటే ఆ ముక్కని వెనక్కి జరిపాను. మళ్లీ అగ్గిపెట్టె అట్ట పెట్టి చూశాను. ఎన్నాళ్ల తర్వాతో ఎర్ర చుక్కలు నా కళ్లెదుటికి వచ్చాయి. ఏడుపొచ్చింది, వాయించాను.

"ఇంకా ముగియలేదా? వాడికి టైమవుతుండాది" అంది అత్త వసారాలోంచి.

"ముగిసింది అత్తా."

భోజనం చేసి, తలదువ్వుకుని వచ్చి ఆయన బేస్‌ని భుజాన వేసుకున్నాడు. వేళ్లు పెట్టగానే మొహం మారింది. "ఇదేంది, తలకిందుగా ఉండాది?"

"నా వైపుకి తిప్పినాను."

"పిచ్చి పట్టిందా నీకు? వ్యాన్ వచ్చి నిలబడుండాది. మళ్లీ మార్చు."

"సర్వీసంతా నువ్వేనని మారిసెల్వం అన్నతో చెప్పినావు గదా మామా. నువ్వే మార్చుకో" అని అలెన్ కీ చేతికిచ్చాను.

దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "ఇప్పుడు వాళ్లకి నేనేం చెప్పేది?" అన్నాడు, గొంతు తగ్గించి.

"మదురై నుంచి ఎవర్నైనా పిలిపించు. బేస్ ఇటియ్యి, నాకు విరుదునగర్ బస్సుకి టైమయింది."

అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడి చూస్తోంది. చూడనీ అని, ఎడమచెయ్యే చాపాను.