పదిహేడో అధ్యాయంలో పనిపిల్ల

మా ఇంటికి ఇస్త్రీ చేయడానికి వచ్చే ఆమెకు చదువు రాదు. కానీ ఆ నవల ఆమెకు నాకన్నా బాగా వచ్చు. ఆదివారం మధ్యాహ్నాలు ఆమె బల్ల మీద బట్టలు పరుచుకుంటే, నా భార్య పక్కన కుర్చీ వేసుకుని వారానికో అధ్యాయం చదివి వినిపించేది. పెద్ద బంగళా, అందులో ఒక దొరసాని, ఆమె చుట్టూ తిరిగే ముగ్గురు పెద్దమనుషులు. పదహారు అధ్యాయాలయ్యాక నా భార్య ఆస్పత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు.

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం ఇస్త్రీ ఆమె నా చొక్కా దులుపుతూ, "మాస్టారూ, ఆ పిల్ల సంగతి ఏమైంది?" అంది.

"ఏ పిల్ల?"

"పనిపిల్ల. దొరసాని దువ్వెన పోయిందని దాని మీద పడ్డారుగా. అమ్మగారు సరిగ్గా అక్కడే ఆపారు. అప్పట్నుంచీ నా ప్రాణం అక్కడే కొట్టుకుంటోంది."

ముప్ఫై ఏళ్ళుగా ఆ నవల పాఠం చెప్పినవాణ్ణి. అందులో ఒక పనిపిల్ల ఉందన్నది కాసేపు ఆలోచిస్తే గాని గుర్తు రాలేదు. కథ అందుకోవడానికి పదహారో అధ్యాయం మళ్ళీ చదివాను. రెండో పేజీలోనే ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టేసింది.

"మీరు మాటలు మింగేస్తున్నారు మాస్టారూ."

"ఉన్నది ఉన్నట్టే చదువుతున్నాను."

"దొరసాని గౌను ముడత పడిందని అరుస్తుంది కదా. అప్పుడు ఆ పిల్ల, 'మీ మొహం ముడత పడకముందే ఒకణ్ణి ఖాయం చేసుకోండమ్మా, ముగ్గురికీ టీలు మొయ్యలేక చస్తున్నా' అంటుంది. అదేది?"

పుస్తకంలో అక్కడ ఉన్నది ఒక్క వాక్యమే: పనిపిల్ల తల వంచుకుని వెళ్ళిపోయింది.

నేను బడిపంతులు చేసే పనే చేశాను. సోమవారం మా బడి లైబ్రరీలో మూడు ముద్రణలు పక్కపక్కన పెట్టి, స్కేలు ఆనించి వరుస వరుసా చూశాను. పాఠభేదమై ఉంటుందని నా నమ్మకం. లైబ్రేరియన్ వచ్చి ఏమిటని అడిగింది. చెప్పాను.

"అది మీ ఆవిడ ముద్రణ మాస్టారూ," అంది. "మా దగ్గర దొరకదు."

నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది.

వాళ్ళిద్దరూ ఆ నవల చదువుకున్న పదహారు వారాలూ నేను పక్క గదిలో జవాబు పత్రాలు దిద్దుతూ కూర్చున్నాను. వాళ్ళ నవ్వులు విని తలుపు దగ్గరకు వేసుకున్నాను. పుస్తకంలో లేని మాట రాసిన పిల్లలకు మార్కులు కోశాను.

పదిహేడో అధ్యాయం ముందుగా చదువుకున్నాను. పనిపిల్ల పని అందులో రెండు వాక్యాల్లో అయిపోతుంది. ఆ తర్వాత నవలలో ఎక్కడా కనిపించదు. ఉన్నది ఉన్నట్టు చదివితే, నా భార్య నోరిచ్చి పెంచిన పిల్లను నా నోటితోనే గెంటేయాలి. ఇంట్లో ఆమె గొంతు మిగిలింది ఆ పిల్లలోనే.

ఆదివారం వచ్చింది. చదివాను. "దువ్వెన సోఫా కింద దొరికింది. అయినా పనిపిల్లను ఆ రోజే పంపేశారు."

"అంతేనా?" అంది ఇస్త్రీ ఆమె. "నోరు మూసుకుని పోయిందా?"

"లేదు," అన్నాను, పుస్తకంలోకే చూస్తూ. "గడప దగ్గర ఆగింది. 'అమ్మా,' అంది."

పేజీ మీద వేలు పెట్టి తర్వాతి మాట వెతుక్కున్నాను. ఆమె తొందరపెట్టలేదు. కాలర్ వెనక్కి తిప్పి మళ్ళీ రుద్దింది.

"'మీ దువ్వెన దొరికిందిగా. ఇక మీ తల మీరే దువ్వుకోండి.'"

"మరీ మర్యాదగా ఉంది. అమ్మగారైతే ఇంకో నాలుగు అంటించేవారు."

"నాకిదే మొదలు కదమ్మా."

"సర్లెండి. తర్వాత ఎటు వెళ్ళింది?"

పేజీ తిప్పాను. ఆ పేజీ నిండా దొరసాని నాట్యమే ఉంది. నేను పనిపిల్లను వీధి మలుపు దాకా నడిపించి, అక్కడ బండి ఎక్కించాను. బండివాడు బేరానికి దిగాడు. ఆ పిల్ల ఊరుకోలేదు.