తినకుండా వెళ్ళినది

గీతిక కథలో రాక్షసి ఉంది, నెత్తురుంది, భయమే లేదు. ఆ సంగతి జనార్దన్ పొద్దున్నే వాయిస్ మెసేజ్ పెట్టి మరీ చెప్పాడు. అతను బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీలో ఆమెకి సీనియరు. ఇప్పుడొక ఆడియో కథల యాప్‌లో ఎడిటరు. హారర్ విభాగంలో ఒక్క ఖాళీ ఉందంటే గీతిక తన మొదటి కథ పంపింది. బాగుందట. కాకపోతే అది హారర్ కాదట, ఫాంటసీ అట. ఫాంటసీలో ఇప్పటికే రాజకుమార్తెలూ డ్రాగన్లూ కిక్కిరిసి ఉన్నారు, ఏడాది దాకా చోటు లేదు. సాయంత్రంలోగా భయపెట్టకపోతే ఆ ఖాళీ ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

“పెనుమూడి రేవులోంచి రాక్షసి బురదోడుకుంటూ ఇంటికొస్తే, మీవాళ్ళు పీటేసి అన్నం పెట్టారు గీతికా,” అన్నాడు చివర్లో. “ఇంక భయపడేదెవరు?”

నిజమే. రాసేటప్పుడు ఆమెకది తప్పుగా తోచలేదు. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు అన్నం తిన్నారా అని అడిగే ఇంట్లో పెరిగింది. కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాళ్ళని కూడా వదిలేవారు కాదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో రోజంతా ఇతరుల తప్పులు పట్టే మనిషికి ఇది మాత్రం దొరకలేదు.

ఆ పూట రేపల్లెలో పిన్నిగారింటికి వెళ్ళాలి. తెనాలిలో పాసింజర్ ఎక్కి కూర్చుని, అన్నం పెట్టిన సీను కోసేసింది. రాక్షసికి ఇంకో రెండు వరసల పళ్ళు పెట్టింది. జంపని దాటాక, ఎలా వినిపిస్తుందో చూద్దామని ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ మెల్లగా చదివింది. మెల్లగా అని ఆమె అనుకుంది.

ఎదురు సీట్లో మామ్మగారు ఒళ్ళో స్టీలు డబ్బా పెట్టుకుని మొత్తం విన్నారు. ఆవిడ పేరు అనంతలక్ష్మి. మనవరాల్ని చూడ్డానికి రేపల్లె వెళుతున్నారు. పక్కన కళ్ళు మూసుకుని ఉన్నది భర్త సీతారామాంజనేయులుగారు, రిటైరైన లెక్కల మాస్టారు. ఈ వివరాలన్నీ అడక్కుండానే వచ్చాయి.

“కథ బానే ఉందమ్మాయ్,” అన్నారావిడ. “గడపలోకొచ్చినదానికి మంచినీళ్ళన్నా ఇవ్వలేదేంటి వాళ్ళు?”

“అది రాక్షసండి మామ్మగారూ.”

“అయితే? దాహమెయ్యదా?”

గీతిక పళ్ళ సంగతి గుర్తుచేసింది. అన్ని పళ్ళుంటే మంచిదే, జంతికలు పెట్టొచ్చు అన్నారు మామ్మగారు.

“నీ జంతికలకి ఆ మాత్రం పళ్ళు కావాల్లే,” అన్నారు మాస్టారు, కళ్ళు తెరవకుండానే.

వేమూరు వచ్చేసరికి రాక్షసి ఏం తింటుందో, ఎక్కడ పడుకుంటుందో, బురద కాళ్ళు ఏ పంపు దగ్గర కడుక్కుంటుందో అన్నీ తేలిపోయాయి. గీతికకి నీరసం వచ్చింది. ఇన్ని తెలిశాక అది రాక్షసేంటి, చుట్టం. జనార్దన్ ఫాంటసీ అన్నది దీన్నే కాబోలు.

ఆశ వదిలేసుకుని, కోసేసిన సీను కూడా కలిపి పాత కథే చెప్పింది. పీట వేశారు, ఆకు వేశారు, వేడన్నంలో పప్పూ నెయ్యీ వేశారు. మామ్మగారి మొహం విచ్చుకుంది.

“తిందా?”

తిందనే గీతిక రాసుకుంది. మారు కూడా అడిగిందని రాసింది. కానీ ఎదుట ఆవిడ అంత ఆశగా ముందుకి వంగి అడిగేసరికి, నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

“లేదండి. అన్నం వంకే చూళ్ళేదు. వడ్డించినావిడ వంక చూస్తా కూర్చుంది. నెయ్యి పేరుకునేదాకా అలాగే కూర్చుని, లేచి వెళ్ళిపోయింది.”

మామ్మగారి చెయ్యి డబ్బా మూత మీద ఆగిపోయింది. మాస్టారు కళ్ళు తెరిచారు.

“తినకుండానా?” ఆవిడ గొంతు తగ్గిపోయింది. “మరి దేనికొచ్చినట్టు?”

పట్టపగలు, కిటికీలోంచి ఎండ పడుతుండగా, గీతిక చేతుల మీద రోమాలు లేచాయి. తన రాక్షసిని చూసి తనే భయపడటం ఆమెకి అదే మొదలు. వెంటనే అన్నం సీను తిరిగి అతికించి, చివర మార్చి, కొత్తగా పెట్టిన పళ్ళన్నీ పీకేసి పంపింది. భట్టిప్రోలు దాటాక జవాబొచ్చింది. అన్నం దగ్గర ఎందుకు భయమేసిందో తెలీడం లేదు గానీ వేసింది, కథ తీసుకుంటున్నాం అని.

మామ్మగారికి ఈ శుభవార్త ఏమంత రుచించలేదు. అది ఆకలితో ఎటు పోయిందోనని ఆవిడ బాధ. చివరికి గీతిక ఆవిడొక్కరి కోసం ఇంకో ముగింపు చెప్పింది. మర్నాడు మధ్యాహ్నం అది తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, పప్పు మారు వేయించుకుని తిన్నది. ఫాంటసీలో ఖాళీ వచ్చినప్పుడు దీన్ని పంపుకోవచ్చని మనసులో అనుకుంది.

ఆవిడ కుదుటపడి డబ్బా మూత తీశారు. “తీసుకో అమ్మాయ్.”

పొద్దున ఇంట్లో రెండు పెసరట్లు ఉప్మాతో సహా తినే బయల్దేరింది గీతిక. వద్దండి అనబోయి తలెత్తితే, భార్యాభర్తలిద్దరూ ఆమె వంకే చూస్తున్నారు.

గబుక్కున రెండు జంతికలు తీసుకుని, ఇద్దరికీ కనపడేలా ఒకటి కొరికింది. మాస్టారు చెప్పిందాంట్లో అబద్ధం లేదు.