ఉలవ కట్టె మీద రేసు

మా కుందుర్పిలో కార్ల గురించి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఆ మాట నేనే చెప్పుకోవాల్సి రావడం మా ఊరి దౌర్భాగ్యం. మిగతావాళ్లకు కారంటే నాలుగు చక్రాలు, ఒక హారన్, ముందు వేలాడే నిమ్మకాయ. ఇంజన్‌లో ఆయిల్ ఉందో లేదో చూడరు గానీ నిమ్మకాయ ఎండితే ఆ రోజే మారుస్తారు. సుమో కొన్న ప్రతి పెద్దమనిషీ లోపల ఎవరున్నారో తెలియకూడదని అద్దాలకు నల్ల కాగితం అంటిస్తాడు. ఆ మర్నాడే వెనక అద్దం మీద తన పేరు, నాయన పేరు, ఊరి పేరు రాయిస్తాడు.

నాకు బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూత్ ఉంది, అది బతకడానికి. ఒక పాత పద్మిని కారు ఉంది, అది బతుకుతున్నందుకు. దాన్ని వేపచెట్టు నీడలో గుడ్డ కప్పి ఉంచుతాను. టీవీలో రేసు వచ్చిందంటే బూత్‌కు తాళం వేస్తాను. టీ హోటల్ ఆదెన్న ఒకసారి నాతోపాటు చూసి, “తిరిగి తిరిగి బయల్దేరిన జాగాకే వస్తాండారు గదన్నా, దానికి అంత తొందరేమిటికి?” అన్నాడు. నెలరోజులు అతని హోటల్లో టీ తాగలేదు.

మా వైపు ఇంకో అనాగరికం ఉంది. కోత అయ్యాక రైతులు కాయలతో ఎండిన మొక్కలను, అదే ఉలవ కట్టెను, తెచ్చి తారురోడ్డు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కుతూ పోతాయి, గింజలు రాలతాయి. ఎద్దులు లేనివాళ్లకు రోడ్డే కళ్లం. నేను మాత్రం అలాంటి చోట బండి దిగి, కట్టె పక్కకు తోసి, దారి చేసుకుని మరీ పోయేవాణ్ని. నా టైర్ల కింద ఒక్క ఉలవ నలగలేదు.

రెండువేల రెండు డిసెంబరులో బెంగళూరు నుంచి కార్ల ర్యాలీ మా రోడ్డు మీదుగా వెళ్తుందన్నారు. టోపీ పెట్టుకున్న ఒకాయన ఫోన్ చేసుకోవడానికి నా బూత్‌కు వచ్చాడు. నేను కార్బురేటర్ గురించి రెండు ముక్కలు చెప్పేసరికి ముచ్చటపడి, నాకొక పచ్చ కోటు, జెండా, విజిల్ ఇచ్చాడు. ఊరి బయటి మలుపు నాది. దాని మీద కోడిపిల్ల కూడా ఉండకూడదు. చివరి కారులో నన్ను ఎక్కించుకుని ర్యాలీ ముగిసేదాకా తీసుకెళ్తామన్నాడు. రేసు కారులో కూర్చోవడం కోసమే నేను పుట్టానని ఆ రాత్రి గట్టిగా నమ్మాను.

పొద్దున్నే మలుపు దగ్గరికి పోతే, గంగక్క, ఆమె కోడలు ఈశ్వరి రోడ్డంతా ఉలవ కట్టె పరుస్తున్నారు.

“తియ్యక్కా. ఈ పూట రోడ్డు మూసినారు.”

“ఎవురప్పా మూసింది?”

“నేనే.”

“కార్లు వస్తాయంట గదా. మూసినట్ల యాడైతాది? బస్సు కంటే జోరుగా వస్తాయంటివి. రానీ, బిరీన రాలిపోతాయి.”

అంత వేగంలో ఎండు కట్టె మీద టైరు జారుతుందనీ, కట్టె చుట్టుకుంటే కాగిన సైలెన్సర్ తగిలి నిప్పంటుకుంటుందనీ వివరించాను. ఆమె ఓపికగా మొత్తం విన్నది.

“అంత సున్నితం బండ్లతో ఏం పని చేస్తారప్పా వాళ్లు?”

నేను కోటు గుండీలు సర్దుకున్నాను.

“శెనక్కాయ పోయె. మేపు లేక ఎద్దుల్ని అమ్ముకుంటిమి. ఈ ఏడు ఇంటికొచ్చేది ఈ ఉలవలే. మబ్బు పట్టుకుంటాండాది సూడు. తడిస్తే మొలకలొచ్చి పోతాయి, జయరామా.”

“మధ్యాహ్నానికి రోడ్డు తెరుస్తాం. బస్సు వస్తాది. నాది పూచీ,” అన్నాను. కోటు వేసుకున్నవాడికి పూచీలు సులభంగా వస్తాయి. అత్తాకోడళ్లు కట్టెంతా మళ్లీ పక్కకు లాగారు. అవసరం లేకపోయినా ఒకసారి విజిల్ ఊదాను.

కార్లు వచ్చాయి. మలుపులో వెనక భాగం పక్కకు జారుతూ, మళ్లీ సర్దుకుని, ఒక్కొక్కటి కళ్లముందే మాయమైంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి, కొంత దుమ్ము వల్ల. చివరి కారు వచ్చినప్పుడు చెయ్యి చాచి నిలబడ్డాను. డ్రైవరు నేను టాటా చెబుతున్నాననుకుని, తనూ చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నమైంది. బస్సు రాలేదు. ఆ రోజుకంతా వేరే దారిన పంపేశారని ఆదెన్న వచ్చి చెప్పాడు. లారీలూ అటే. కొండల మీద మబ్బు నల్లగా దిగుతోంది.

గంగక్క తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

“రేసు అయిపాయెనా అప్పా? మా కట్టె అట్లే ఉండాది.”

నాకు సిగ్గేసింది. కోటు విప్పి ఇంటికి పోయి, బండి మీది గుడ్డ తీశాను.

నా పద్మిని ఆ కట్టె మీద మొదటిసారి ఎక్కినప్పుడు కింద పటపటమన్న చప్పుడుకు నా పళ్లు జివ్వుమన్నాయి. చివరిదాకా పోయి తిప్పుకుని వచ్చాను. మళ్లీ పోయాను. ఈశ్వరి కొంకికర్రతో కట్టె తిరగేస్తోంది, ఆదెన్న చక్రాలకు చుట్టుకున్నది పీకేస్తున్నాడు. ఎన్ని చుట్లు వేశానో తెలియదు. ఉరిమినప్పుడల్లా ఇంకాస్త తొక్కాను.

“తొందరేమిటికో ఇప్పుడు తెలిసెనన్నా,” అన్నాడు ఆదెన్న, చక్రం దగ్గర వంగి.

గింజా పొట్టూ కలిపి ఊడ్చి, గోతాలకెత్తి, డిక్కీలోనూ వెనక సీటు మీదా కుక్కాము. గంగక్క ముందు సీట్లో కూర్చుంది. వాళ్ల వాకిట్లో ఆఖరి గోతాం దించేసరికి వాన దబదబా పడింది. చూరు కింద నిలబడి ఆమె నా కారును తేరిపార చూసింది.

“బండి మంచిదే గానీ బరువు సాలదు జయరామా. సుమో అయింటే ఇంకా బాగా రాలుతాండె.”

నా కారును ఒక్క మాటన్న వాణ్ని నేను ఊరికే వదిలింది లేదు. ఆ రోజు తల ఊపాను. ఆమె మాటలో తప్పు లేదు.

మరుసటి ఏడు టోపీ ఆయన బూత్‌కు ఫోన్ చేశాడు. అదే రోడ్డు, అదే మలుపు, కొత్త కోటు ఇస్తామన్నాడు. కార్లు ఎన్ని, ఒక్కొక్కటి బరువెంత, కాస్త నిదానంగా వస్తాయా అని అడిగాను. ఆయన పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. గంగక్క బయట బెంచీ మీద కూర్చుని నావైపే చూస్తోంది.

“ఏమంటాండాడప్పా?” అంది. “బరువుండాయంటనా?”