పెద్దల్లుడి ఏడో సూచన

అత్తగారి కంప్యూటర్ మొరాయిస్తే ముందుగా ఫోన్ ఎవరికి వస్తుందన్నది పెద్దల్లుడికి చిన్న విషయం కాదు. కాలేజీ ల్యాబ్‌లో నలభై కంప్యూటర్లు అతని చేతి కింద నడుస్తాయి, కానీ అక్కడ అతన్ని ఒక్క మంచి మాట అన్న పాపాన ఎవరూ పోలేదు. అత్తవారింట్లో మాత్రం ఐదేళ్ళుగా అతనిదే రాజ్యం. అత్తగారు పుస్తకాలకు అట్టబొమ్మలు గీస్తుంది. ఆవిడ కంప్యూటర్‌లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించిందీ అతనే, మౌస్ పట్టడం నేర్పిందీ అతనే. ఏ చిన్న తేడా వచ్చినా ఆవిడ ఫోన్ చేసి "అల్లుడుగారూ, కాస్త వస్తారా" అనేది. ఆ మాట వినడానికి అతను స్నానం మధ్యలో వదిలేసి వెళ్ళిన రోజులు కూడా ఉన్నాయి.

అలాంటి రాజ్యంలోకి చిన్నల్లుడు దిగాడు. కళ్ళజోళ్ళ షాపు అతనిది. మెత్తటి మనిషి. పెళ్ళయిన నెలకే "అన్నయ్యా, మీ లినక్స్ ఏదో నాకూ నేర్పరూ" అని అడిగాడు. పెద్దల్లుడు పొంగిపోయి, ఒక కాగితం మీద ఏడు సూచనలు వరసగా రాసి, కింద సంతకం కూడా పెట్టి ఇచ్చాడు. ఆ చదువు ఇలా ఏకై వచ్చి మేకై కూర్చుంటుందని అప్పుడు తెలియదు పాపం.

మొన్న అత్తగారి పుట్టినరోజుకి చిన్నల్లుడు గ్రాఫిక్స్ కార్డు తెచ్చాడు. తెర మీద బొమ్మలు గీసే పనంతా చూసుకునే విడి పరికరం అది. కళ్ళజోళ్ళు బిగించే చిన్న స్క్రూడ్రైవర్‌తోనే దాన్ని బిగించేశాడు. "ఎంత నాజూకు చేతులో!" అని అత్తగారు మురిసిపోయింది. పెద్దల్లుడు పక్కనే నిలబడి తన చేతుల వంక చూసుకున్నాడు. తాను తెచ్చిన పూలగుత్తి అప్పటికింకా కుర్చీ మీదే ఉంది, దాన్ని ఎవరూ నీళ్ళలో పెట్టలేదు. ఛాతీలో ఎవరో మిరపకాయ నూరినట్టయింది అతనికి.

దేవుడున్నాడు. అదే వారంలో లినక్స్ కొత్త వెర్షన్ వచ్చింది, తెర మీద తెరిచిన ప్రతి కిటికీ, అదే విండో, తేలుతూ విచ్చుకోవడం, తేలుతూ ముడుచుకోవడం మొదలైంది. తేలడం కాదు, కుదుపులు! ఒక్కో కిటికీ ఆగి ఆగి, గతుకుల రోడ్డు మీద బస్సులా వచ్చేది.

"అల్లుడుగారూ, అరగంట చూస్తే చాలు, కళ్ళు తిరుగుతున్నాయి. వాంతి వచ్చినంత పనవుతోంది. పదిరోజుల్లో నాలుగు అట్టలివ్వాలి, నేనేం చెయ్యను?" అంది ఫోన్‌లో అత్తగారు.

ఆవిడ బాధకి జాలిపడాల్సింది పోయి పెద్దల్లుడు ఈల వేసుకుంటూ వెళ్ళాడు. కుదుపులు చూశాడు, పెదవి విరిచాడు. "ఈ కార్డుకీ మన సిస్టమ్‌కీ పడదండీ. కొనేముందు ఒక్క మాట నన్నడిగి ఉంటే బాగుండేది" అన్నాడు, బాధపడుతున్నట్టు మొహం పెట్టి.

పేరుకి మాత్రం కష్టపడ్డాడు. ఒక ఆదివారం కార్డుని నడిపించే డ్రైవర్ ప్రోగ్రాం, లినక్స్‌తో ఉచితంగా వచ్చింది తీసేసి, కార్డు కంపెనీవాళ్ళది ఎక్కించాడు. తెర సగమే వచ్చింది. మళ్ళీ పాతదే పెట్టాడు. కుదుపు పోలేదు. పోకపోతే అతనికి లోపల పండగే. "కార్డు తీసేద్దాం. రేపు మధ్యాహ్నం తమ్ముణ్ణి రమ్మనండి" అని తీర్పు చెప్పేశాడు.

మర్నాడు తోడల్లుడికంటే గంట ముందే వచ్చాడు. కార్డు పనికిరాదని సాక్ష్యం చూపించాలి కదా! తెర మీద బొమ్మ ఎవరు గీస్తున్నారో చెప్పమని కంప్యూటర్‌నే అడిగాడు. కార్డు పేరు వస్తుందనుకున్నాడు, రాలేదు. బొమ్మంతా కంప్యూటర్ మెదడైన ప్రాసెసర్ ఒక్కటే మోస్తోందట. కార్డు వచ్చిన రోజు నుంచీ పని లేకుండా కూర్చుంది. ఎందుకు కూర్చుందని తవ్వుకుంటూ పోతే, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు చదివే ఫైల్లో ఒక్క మాట దొరికింది. గ్రాఫిక్స్ జోలికి పోవద్దని చెప్పే మాట అది. దాని పక్కనే ఇలా రాసి ఉంది: "తాత్కాలికం. తర్వాత తీసెయ్యాలి. — పెద్దల్లుడు."

కొండను తవ్వి ఎలుకను పడితే, ఆ ఎలుక తనదే అయింది. ఐదేళ్ళ క్రితం లినక్స్ ఎక్కించిన రోజున తెర నల్లబడితే, ఆ పూట గడవడానికి అతనే పెట్టిన మాట అది. తీసెయ్యడం మరిచాడు. అప్పటి సిస్టమ్‌లో కిటికీలు తేలేవి కావు గనక ఎవరికీ నొప్పి తెలియలేదు. ఆ మాట తీసేసి చూశాడు. కిటికీలు వెన్నలా జారాయి. చిన్నల్లుడి కార్డు అద్భుతంగా ఉంది.

అక్కడే ఆగి అత్తగారిని పిలిచి ఉంటే కథ అయిపోయేది. కానీ "ఎంత నాజూకు చేతులో" అన్న మాట చెవిలో మోగింది. ఇప్పుడు నిజం చెబితే కార్డు మంచిదవుతుంది, తప్పు తనదవుతుంది, రేపటి నుంచి ఫోన్ ఆ షాపుకే వెళుతుంది. పెద్దల్లుడు ఆ మాటను మళ్ళీ అక్కడే రాసేశాడు.

చిన్నల్లుడు వచ్చి, కుదుపు చూసి, కార్డు విప్పి డబ్బాలో పెట్టుకున్నాడు. అతను చేతులు కడుక్కోవడానికి లోపలికెళ్ళినప్పుడు పెద్దల్లుడు కంప్యూటర్ వేసి, ఫైల్లో ఆ ఒక్క మాటా చెరిపేసి, మళ్ళీ మొదలుపెట్టాడు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన పాత గ్రాఫిక్స్ చిప్పు కూడా ఇప్పుడు కిటికీలను తేలికగా మోసింది.

"చూశారా? కార్డు తీయగానే!" అన్నాడు.

అత్తగారు రెండు చేతులూ జోడించింది. "ఎంతైనా పెద్దల్లుడు పెద్దల్లుడే! బతికించారు నాయనా."

చిన్నల్లుడు డబ్బాను చంకలో పెట్టుకుని నవ్వాడు. "సారీ అత్తయ్యగారూ, తెలియక తెచ్చాను" అన్నాడు. ఇంటికి వెళ్ళేదాకా పెద్దల్లుడి కాళ్ళు నేల మీద ఆనలేదు.

వారం తర్వాత కళ్ళజోడు మరలు వదులై అతను తోడల్లుడి షాపుకి వెళ్ళాడు. అద్దాల అరల వెనక చిన్నల్లుడి కంప్యూటర్ వెలుగుతోంది. ఒక కిటికీ తెరుచుకుంది, నీళ్ళ మీద ఆకులా జారి పక్కకు వెళ్ళింది. పెద్దల్లుడు అద్దాల అర మీదికి వంగి చూశాడు.

"అదే కార్డా?"

"అదే అన్నయ్యా. మీ కాగితం చూసే పెట్టాను."

గోడకి అద్దం వేసి మరీ తగిలించాడు ఆ కాగితాన్ని. పెద్దల్లుడు తన చేతిరాత తానే చదువుకున్నాడు. ఏడోది: తెర నల్లబడినప్పుడు చేర్చిన మాటను, పని అయ్యాక తీసెయ్యడం మరవకండి. లేదంటే ఎంత మంచి కార్డు పెట్టినా దండగే. కింద తన సంతకం.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "నీకు... ఎప్పుడు తెలిసింది?"

చిన్నల్లుడు కళ్ళజోడు మర బిగిస్తూ తలెత్తలేదు. "ఆ రోజు షాపుకొచ్చి ఇది చదివాక అనుమానం వచ్చింది."

"అత్తయ్యగారికి చెప్పావా?"

"ఎందుకన్నయ్యా? ఆవిడకి కళ్ళు తిరగడం తగ్గింది కదా."

తిట్టినా బాగుండేది. ఈ మంచితనం కూడా తనకంటే వాడికే ఎక్కువ ఇచ్చాడు దేవుడు అనుకుని పెద్దల్లుడు కుమిలిపోయాడు. అంతలో జేబులో ఫోన్ మోగింది. అత్తగారు.

"మీకే, ఎత్తండి" అన్నాడు చిన్నల్లుడు, కళ్ళజోడు తుడిచి అందిస్తూ.

గోడ మీద ఆ సంతకం కనబడుతుండగా ఆవిడతో ఏం మాట్లాడగలడు? సిగ్గుతో ఫోన్ అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అది మోగి మోగి ఆగిపోయింది.

మరుక్షణం బల్ల మీద చిన్నల్లుడి ఫోన్ మోగింది. "చెప్పండి అత్తయ్యగారూ... ప్రింటరా? వస్తున్నా, పది నిమిషాలు."

అప్పటిదాకా ఉన్న సిగ్గంతా ఎక్కడికి పోయిందో! ఛ, ఎత్తి ఉండాల్సింది అనుకున్నాడు పెద్దల్లుడు.