పేరు పెట్టి పిలిచేదాకా

శ్రీమన్నారాయణ గారి మామిడి షెడ్డులో మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నాలు. పొద్దున ఆరు నుంచీ కాయల ముచికలు తుంచి, సొన తుడిచి, బంగినపల్లి ఒక పక్క, రసాలు ఒక పక్క ట్రేలకెత్తిన ఆడవాళ్లు చేతులు కడుక్కుని, డబ్బాలు విప్పుకుని టీవీ ముందు కూర్చుంటారు. ఆ టీవీ నిరుడు వేసవిలో వచ్చింది. పక్క షెడ్డు ఆయన కూలీల కోసం పెద్ద కూలరు పెట్టించాడని తెలిసి ఈయన టీవీ పెట్టించాడు. చల్లగాలికి పోయినవాళ్లంతా కథ కోసం తిరిగొచ్చారు.

కథంటే టెర్రరిస్టుల సీరియల్. హిందీలోది, మాటలు తెలుగులో పెట్టారు, శుక్రవారానికో ఎపిసోడ్. అందులో ఒక మేజరు బాంబులు పెట్టేవాళ్లను ఊరూరా తరుముతుంటాడు. మన ఆడవాళ్లకు బాంబుల మీదకన్నా మేజరు మీదే బెంగ. ఎప్పుడు చూసినా టీ నీళ్లేగాని పాపం అన్నం తిన్న పాపాన పోడని లక్ష్మి బాధపడేది. పెళ్లాం ఫోన్ చేస్తే ఎత్తనివాడు దేశాన్నేం కాపాడతాడని ఇంకొకామె దెప్పేది. శ్రీమన్నారాయణ గారు తన కుర్చీలోంచి, బ్యాగుల్లో దొరికే బాంబులన్నిటికీ అంకెలు ఎందుకుంటాయి, పెట్టినవాడికి చేతి గడియారం లేదా అని అడిగేవారు.

ఏడో ఎపిసోడ్‌లో ఉత్తరాదిలో ఏదో ఊరి బస్టాండు చూపించారు. సిమెంటు బెంచీ కింద నల్ల బ్యాగు. బ్యాగులో ఎర్ర అంకెలు. బెంచీ మీద, భుజాన తువ్వాలుతో, యలమంద కూర్చుని ఉన్నాడు.

యలమంద గోవిందమ్మ మొగుడు. ఎనిమిదేళ్ల క్రితం మామిడికాయల లారీ ఎక్కి నాగపూర్ వెళ్లాడు. లారీ తిరిగొచ్చింది, మనిషి రాలేదు.

"చిక్కిపోయాడే మనిషి," అంది లక్ష్మి, ముద్ద నోటిదాకా తెచ్చి ఆగి.

ఆ గళ్ల చొక్కా తిరునాళ్లలో కొన్నదేనని ఒకామె గుర్తుపట్టింది. ఎండలో కూర్చున్నాడు, కాస్త నీడకు జరగకూడదా అని ఇంకొకామె అంది. గోవిందమ్మ డబ్బా మూత పెట్టేసి తెరకు దగ్గరగా జరిగింది. ఎర్ర అంకెలు తగ్గుతూ తగ్గుతూ నలభై సెకన్ల దగ్గర ఆగాయి. మిగతాది వచ్చే శుక్రవారమని రాశారు.

శనివారం ప్రోమో వచ్చింది. నల్లటి పొగ, పొగ మీద పెద్ద అక్షరాలు, 'పన్నెండు మంది'. గోవిందమ్మ కూతురు ప్రవల్లిక ఇంటర్ పరీక్షలు రాసి వేసవికి షెడ్డులోనే పని చేస్తోంది. ఆ పిల్ల ఫోన్లో కామెంట్లన్నీ చదివింది. సంగీతం బాగుందన్నారు, మేజరు గడ్డం బాగుందన్నారు, బాంబు పేలితేనే సీజను నిలబడుతుందన్నారు. బెంచీ మీద మనిషి గురించి ఎవరూ ఒక్క మాట రాయలేదు. పేలాలి, పేలాలి అని నాలుగు వేలమంది అడిగారని తల్లికి చెప్పలేక ఫోన్ పక్కన పడేసింది.

ఆ రోజు నుంచీ అన్నాల వేళ షెడ్డులో మళ్లీ మళ్లీ పెట్టుకుని చూసేది ఏడో ఎపిసోడే. సోమవారం, బయట ఆగిన లారీ హారన్ కొట్టింది. టీవీలో యలమంద తల తిప్పి చూశాడు.

వినపడుతోందన్న మాట. ఇక ఊరు ఆగుతుందా? మంగళవారం యలమంద తమ్ముడు వీరయ్య తోట పని వదిలేసి వచ్చి, టీవీకి మూరెడు దూరంలో నిలబడి "అన్నా" అని కేకేశాడు. బస్టాండులో సగం మంది తిరిగి చూశారు. తెలుగులో పెట్టిన సీరియల్ కాబట్టి అక్కడ అందరికీ తెలుగొచ్చు. "యలమందన్నా" అని మళ్లీ పిలిస్తే యలమంద ఒక్కడే చూసి నవ్వాడు. లేవలేదు. శ్రీమన్నారాయణ గారు "ఒరేయ్ యలమందా, లెగరా అక్కణ్ణించి" అని గదిమితే, పాత అలవాటుకొద్దీ భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. అంతే. బుధవారం ప్రవల్లిక "నాన్నా" అంది. అప్పుడు మాత్రం సగం లేచాడు. కళ్లు తుడుచుకున్నాడు. ఎవరో వెనక్కి లాగినట్టు మళ్లీ కూర్చున్నాడు.

ఇదేం మొండితనమో అర్థం కాక వీరయ్య తల పట్టుకున్నాడు. గోవిందమ్మకు అర్థమైంది. మొదటిరోజే అర్థమైంది.

యలమంద మాట పట్టింపు మనిషి. సరదాకు అన్న మాటైనా సరే, నోట్లోంచి వచ్చిందంటే శాసనమే. అతను వెళ్లిపోయిన ఏడాది ప్రవల్లికకు జ్వరం వస్తే మందు తెస్తానని నూజివీడు వెళ్లి, దారిలో ఎవరి బండికో తోడెళ్లి, నాలుగు రోజులకు తిరిగొచ్చాడు. గోవిందమ్మ కడుపు మండిపోయింది. గుమ్మానికి అడ్డం నిలబడి, "నా నోటితో నిన్ను పేరు పెట్టి పిలిచేదాకా ఈ గడప తొక్కకు" అంది. కాకి తెల్లబడేదాకా అన్నట్టే ఆ మాట. కట్టుకున్నవాడి పేరు చెబితే వాడి ఆయుష్షు తరుగుతుందని అత్తగారు పెళ్లినాడే చెవినేసింది. రేషన్ షాపులో అడిగినా పక్కనున్న లక్ష్మి చేత చెప్పించే మనిషి గోవిందమ్మ. "మా ప్రవల్లిక వాళ్ల నాన్న" అని తప్ప ఏనాడూ అనలేదు. యలమంద సరేనని ఆ పూటే లారీ ఎక్కాడు. పెరుగన్నం కట్టిచ్చి పంపానని ఆమె ఊరందరికీ చెప్పుకుంది. ఎనిమిదేళ్లుగా ఆ అబద్ధాన్నే కప్పుకుని పడుకుంది.

గురువారం మధ్యాహ్నం ఆమె డబ్బా విప్పలేదు. టీవీ ముందు నిలబడి జరిగింది జరిగినట్టు షెడ్డందరి ఎదుటా చెప్పింది. తల్లి వైపు ప్రవల్లిక చూడలేదు. తెర మీద అంకెలు పరిగెడుతున్నాయి.

"పిలిస్తే ఆయుష్షు తరిగిపోద్దక్కా," అంది గోవిందమ్మ.

"రేపటికి ఉన్నదే నలభై సెకన్లు," అంది లక్ష్మి. "అందులో ఇంకేం తరుగుద్ది? పిలువు."

మొదటిసారి గాలి తప్ప మాట రాలేదు. రెండోసారి "ఏవయ్యో" అని అలవాటు మాటే వచ్చింది. దానికి బస్టాండులో పెళ్లయిన మగాళ్లంతా ఉలిక్కిపడ్డారు. మూడోసారి కళ్లు మూసుకుంది.

"యలమందా. ఇంటికి రా."

యలమంద లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఆ పక్కనే, ఎపిసోడ్ మొదటినుంచీ గొడుగు ఊతంగా నిలబడి ఉన్న ముసలాయన ఏదో అడిగాడు. యలమంద బెంచీ చూపించి, నడుచుకుంటూ తెర అంచు దాటిపోయాడు. షెడ్డులో ఆడవాళ్లు గోవిందమ్మను పట్టుకుని ఏడ్చారు.

శుక్రవారం పొద్దున అతను రెడ్డిగూడెం వైపు నుంచి నడిచొచ్చాడు. అదే గళ్ల చొక్కా, వెళ్లిన నాటి వయసే. గోవిందమ్మ జుట్టు నెరిసింది, అతనికి ఒక్క వెంట్రుక నెరవలేదు. గడప అవతలే ఆగి ఆమె ముఖం చూశాడు.

"పిలిచావుగా," అన్నాడు.

"పిలిచాను," అంది. అప్పుడు లోపలికొచ్చాడు.

మధ్యాహ్నం అందరితో పాటు షెడ్డుకొచ్చి గోడవారన నిలబడ్డాడు. ఎనిమిదో ఎపిసోడ్ నలభై సెకన్ల దగ్గర మొదలైంది. బెంచీ మీద యలమంద కూర్చున్నచోట ముసలాయన కూర్చుని, గొడుగు మోకాళ్ల మీద పెట్టుకుని, కాళ్లు ఒత్తుకుంటున్నాడు.

"కూర్చుంటానయ్యా అంటే కూర్చోండి అన్నాను," అన్నాడు యలమంద. "పేరడగలేదు."

ఏదో ఒక పేరుకు లేవకపోతాడా అని లక్ష్మే ముందు అందుకుంది. తన మొగుడి పేరు, పెళ్లయ్యాక ఎన్నడూ అననిది, గట్టిగా అరిచింది. ఆ తర్వాత షెడ్డులో ఎవరి నోట దాగిన పేరు వాళ్లు పిలిచారు. మొగుళ్ల పేర్లు, మామల పేర్లు, చచ్చిపోయినవాళ్ల పేర్లు. శ్రీమన్నారాయణ గారు కుర్చీలోంచి లేచి తన తండ్రి పేరు పిలిచారు. ముసలాయన ఒక్క పేరుకూ తల తిప్పలేదు. తెర తెల్లబడింది.

పొగ తగ్గాక మేజరు ఎవరికో ఫోన్లో చెప్పాడు, పన్నెండు మంది అని. ఒక్కరూ తగ్గలేదు.

ఆనాటి నుంచీ యలమంద ఎక్కడా కూర్చోడు. తోటలో కాయలు కోసేటప్పుడు, బస్సులో సీటు ఖాళీగా ఉన్నా, పెళ్లి పందిట్లో అయినా నిలబడే ఉంటాడు. ఊళ్లో ఎవరూ బలవంతపెట్టరు. ఇంట్లో మాత్రం రెండు పూటలా గోవిందమ్మ కంచం పెట్టి, పీట వాల్చి, పేరు పెట్టి పిలుస్తుంది. పిలిస్తేనే కూర్చుంటాడు, కూర్చుంటేనే తింటాడు. పిలిచిన ప్రతిసారీ అతని ఆయుష్షులో ఎంత తరుగుతోందో ఆమెకు తెలియదు. పిలవకపోతే ఆకలితో నిలబడే ఉంటాడని మాత్రం తెలుసు.

"యలమందా," అంటుంది మెల్లగా, "కూర్చో."