సాహెబ్‌ని దాటి

నాకు ఉద్యోగం వచ్చింది కాళ్ళ వల్ల. నాలుగొందల మీటర్ల హర్డిల్స్‌లో రాష్ట్రానికి పతకం తెచ్చానని స్పోర్ట్స్ కోటాలో తీసుకుని, తీసుకున్న రోజు నుంచీ ఆ కాళ్ళని బల్ల కింద పెట్టించారు. ఢెంకానాల్‌లో మా కాలువల ఆఫీసు, అందులో డిస్పాచ్ సెక్షన్, అందులో కిటికీ పక్క కుర్చీ. మధ్యలో ఒక్క బదిలీ తప్పిస్తే, ఇరవై ఏళ్ళుగా కవర్ల మీద స్టాంపులు గుద్దుతున్నాను. చెయ్యి పని చేస్తూనే ఉంటుంది, కింద కాళ్ళు మాత్రం నిలవవు. పక్క కుర్చీ ఝునూ అపా, మా అందరికీ అక్క, రోజుకోసారైనా అంటుంది, "సైరింద్రీ, ఆ బల్ల ఊపడం ఆపవే తల్లీ, నా టీ ఒలికిపోతోంది" అని.

ఆ మార్చిలో భువనేశ్వర్ నుంచి ఆర్డరు దిగింది. ప్రతి ఆఫీసులోనూ ఉద్యోగుల ఆరోగ్యం కోసం వ్యాయామ కార్యక్రమం పెట్టాలి, ఫొటోలు పంపాలి, నెలాఖరుకి డిప్యూటీ సెక్రటరీ వచ్చి కళ్ళారా చూస్తారు. సాహెబ్ నన్ను పిలిచారు. బైకుంఠ మొహాపాత్ర, మా సూపరింటెండింగ్ ఇంజనీరు. మనిషి భారీ, మాట పొదుపు.

"నువ్వు ఎప్పుడో ఏదో దూకేదానివటగా?"

"ఆజ్ఞా. హర్డిల్సు." ఆజ్ఞా అంటే మాకు అయ్యా, చిత్తం అన్నీ అదే.

"అయితే ఇది నువ్వే చూడు." పేపర్ వెయిట్‌ని పక్కకి జరిపారు. "ఈసారి బదిలీల్లో మల్కన్‌గిరికి నీ పేరు అడుగుతున్నారు. ఇది బాగా జరిపించు. ఆ సంగతి నేను చూసుకుంటాను."

మల్కన్‌గిరి అంటే రాష్ట్రానికి ఆ చివర. అక్కడ ఒకసారి చేసొచ్చాను. మా మిలీ అప్పుడు పసిది, మా అక్క దగ్గర వదిలి వెళ్ళాను. తిరిగొచ్చిన రోజు గుమ్మంలో నిలబడి చేతులు చాపితే, అది అక్క కొంగు పట్టుకుని నన్ను "మౌసీ" అని పిలిచింది. పిన్నీ అని. ఆ పిలుపు మాన్పించడానికి ఏడాది పట్టింది. ఇప్పుడది తొమ్మిదో తరగతి. మళ్ళీ వెళ్ళమంటే నేను చచ్చిపోతాను, అంతే.

కాబట్టి నడుం కట్టాను. మొదట మధ్యాహ్నం భోజనాల తర్వాత పెట్టి చూశాను. ఎండాకాలంలో గిన్నెడు పఖాళ, అదే నీళ్ళ చద్దన్నం, తాగినవాణ్ణి, పెరుగూ వేపుడు వడియాలూ నంజుకున్నవాణ్ణి లేపి నడిపించడం దేవుడి వల్ల కూడా కాదు. పొద్దున్న ఆరింటికి మార్చాను. ఆఫీసు వెనక మైదానం ఉంది. ఏ కాలంనాటి ప్రాజెక్టుదో, సిమెంటు పైపులు ఒక మూల గుట్టగా పడి ఉంటాయి, వాటిలో మేకలు కాపురం ఉంటాయి. గడ్డి కోయించి, చుట్టూ సున్నంతో బాట గీయించాను. ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు దీదీని పిలిపించి అందరికీ రక్తపోటు చూడమన్నాను. సాహెబ్ "నాకు తర్వాత చూద్దువుగాని" అన్నారు. ఇంకేముంది, ఆయన చూపించుకోనిది మేమెలా చూపించుకుంటామని ఒక్కడూ చొక్కా చెయ్యి మడవలేదు. దీదీ టీ తాగి, మిషను సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మొదటి రోజు అందరూ వచ్చారు. తెల్ల బూట్లు, మంకీ టోపీలు, చీరల కింద కొత్త బూట్లు. నా ఛాతీ పొంగింది. "నడవండి!" అని ఈల వేశాను.

సాహెబ్ నడిచారు. ఆయన వెనక ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్లు, వాళ్ళ వెనక అసిస్టెంట్లు, ఆ తర్వాత జూనియర్లు, తర్వాత మా హెడ్ గుమాస్తా బడబాబు, ఆయన వెనక గుమాస్తాలు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వరస గీయలేదు. నీళ్ళు పల్లానికి పోయినట్టు ఎవరి చోటులో వాళ్ళు పడిపోయారు. ఇద్దరు సీనియర్ గుమాస్తాలు మాత్రం ఎవరు ముందన్నదాని మీద కాసేపు గొణుక్కున్నారు, ఎవరు ముందు పర్మనెంటు అయ్యారో తేల్చుకున్నాక సర్దుకున్నారు. సాహెబ్ పెళ్ళికొడుకులా అడుగులో అడుగు వేస్తారు. అందరూ అదే నడక. ఒంటికి చెమట లేదు, ఊపిరి మారదు. ఇది వ్యాయామమా, ఊరేగింపా?

బడబాబు లోకనాథ్ సాహు దగ్గరికి పోయాను. "బడబాబూ, ఎవరి వేగం వాళ్ళు నడవాలండీ. ఇలా నడిస్తే మేకలకి కూడా ఆరోగ్యం రాదు."

ఆయన పాన్ బుగ్గ మార్చాడు. "సాహెబ్‌ని దాటి నడవడమా? ఆయన గది ముందు చెప్పుల చప్పుడైనా చెయ్యకుండా సర్వీసు లాక్కొచ్చినవాణ్ణమ్మా నేను. రిటైరయ్యే ముందు ఈ పరుగులేంటి నాకు?"

సాహెబ్‌నే అడిగాను, కాస్త చురుకైనవాళ్ళని విడిగా నడిపించనా అని. ఆయన ఆశ్చర్యపోయారు. "నేనెవర్నీ ఆపలేదే? నడవమను."

నిజమే, ఆయన ఆపలేదు. అలాగని దాటేవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఇక బ్యానరు సంగతి వేరే. పెద్ద అక్షరాలతో రాయించి తెచ్చాను. బ్యానరు పట్టుకునేవాళ్ళు సాహెబ్ కంటే ముందు నడవాలి కదా, అందుకని ఎవరూ పట్టుకోలేదు. చివరికది వరస చిట్టచివర ఇద్దరు అటెండర్ల చేతుల్లో ఊగుతూ వచ్చేది. దాన్ని చదివింది మేకలే.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఫోను. ప్రతి చుట్టులోనూ పైపుల గుట్ట దగ్గరికి రాగానే సాహెబ్ ఆగుతారు. మాకు వీపు పెట్టి, ఫోను చెవికి ఆనించుకుంటారు. ఆయన ఆగితే అందరూ ఆగాలి. బడబాబు వేలు పెదాల మీద పెట్టుకుని మా వైపు గుడ్లురుముతాడు. ఒకటే నిశ్శబ్దం. అటునుంచి "ఊఁ... ఊఁ..." తప్ప ఏమీ వినబడదు.

"ఎవరితో అంటావ్?" అంది ఝునూ అపా నా చెవిలో.

"భువనేశ్వర్‌తోనేగా, ఇంకెవరితో," అన్నాడు వెనక నుంచి ఒక గుమాస్తా. "బదిలీల సీజను."

నాకు అరికాళ్ళు మండేవి. ఆ ఊఁలలో ఒకటి నా పేరుకేమో? ఏ ఊఁతో నేను మల్కన్‌గిరికి కొట్టుకుపోతానో? కాలుగాలిన పిల్లిలా నిలబడ్డ చోటే తొక్కులాడేదాన్ని. రోజులు గడిచేకొద్దీ ఆయన ఆగడం ఎక్కువైంది. పైపుల దగ్గర ఒకసారి, గేటు దగ్గర ఒకసారి, మధ్యలో ఎక్కడ పడితే అక్కడ. డిప్యూటీ సెక్రటరీ వచ్చి ఈ ఆగడం చూస్తే ఏమంటాడు? ఇది నడకా, నిలుచోవడమా అనడూ? ఇంటికెళ్ళి వంట చేస్తూ కూడా గట్టు చుట్టూ తిరిగేదాన్ని. "కూర్చో మా," అని మిలీ విసుక్కునేది, "నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

మర్నాడు తనిఖీ అనగా ఆఖరి రిహార్సలు. ఆ పొద్దున గాలి లేదు. సాహెబ్ సగం చుట్టు కూడా తిరక్కుండానే ఆగారు. ఫోను చెవికి. వీపు మాకు. అందరూ ఆగారు. బడబాబు వేలు పెదాల మీదికి పోయింది.

నాలో ఏదో పుటుక్కున తెగింది. ఇంత కష్టపడి గడ్డి కోయించింది దీనికా? రేపు పరువు పోతే పోయేది నా పేరేగా? కాళ్ళు ముందు కదిలాయో, నేను కదిలానో తెలీదు. చీర కుచ్చిళ్ళు దోపి వరస పక్క నుంచి బయలుదేరాను. గుమాస్తాలని దాటాను. "ఏయ్, సైరింద్రీ! మతి పోయిందా?" బడబాబు గుసగుసగా కేకేశాడు, అలా కేకెయ్యడం ఆయనకే చేతనవును. జూనియర్లని దాటాను. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు నోరు తెరిచాడు. సాహెబ్‌నీ దాటేశాను.

పరిగెత్తేవాళ్ళు వెనక్కి చూడకూడదని మా కోచ్ సారు తిట్టి తిట్టి నేర్పారు. అయినా చూశాను. ఎంత కోపం వచ్చిందోనని భయమేసి చూశాను.

అన్ని రోజుల్లో ఆయన ముఖం అటువైపు నుంచి చూడటం అదే మొదలు. బూడిద రంగులో ఉంది. గడ్డం మీంచి చెమట బొట్లుబొట్లుగా చొక్కా మీదికి కారుతోంది. ఒక చేత్తో ఫోను చెవికి, రెండో చేతి పిడికిలి గుండెకి. కళ్ళలో కోపం లేదు. వచ్చావా అన్నట్టు చూశారు నన్ను.

"ఆజ్ఞా?"

పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఫోనులో ఉన్నవాళ్ళకి చెబుదామని వెనక్కొచ్చి ఆయన చేతిలోంచి లాక్కున్నాను. తెర నల్లగా ఉంది. చెవికి పెట్టుకుంటే అవతల ఏమీ లేదు.

"ఎవరూ లేరు," అన్నారు ఆయన, అని నా భుజం మీద ఒరిగిపోయారు.

ఆ బరువుకి నేను మోకాళ్ళ మీద కూలబడ్డాను. తలెత్తి చూస్తే వరస అలాగే నిలబడి ఉంది. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు తన చోటు దాటి ముందుకి రాలేదు. "మొద్దుల్లారా! చూస్తారేంటి, జీపు తీయండి!" అని అరిచాను. మా నాన్న ఎడ్లని తిట్టే తిట్లన్నీ తిట్టాను. అప్పుడు కదిలారు.

జిల్లా ఆసుపత్రి నుంచి కటక్ తీసుకుపోయారు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారట డాక్టర్లు. తనిఖీ రద్దు. మైదానంలో సున్నపు గీత మేకల కాళ్ళ కింద చెరిగిపోయింది. ఇన్‌ఛార్జిగా వచ్చిన అధికారి బదిలీల జాబితా పంపేశాడు. అందులో నా పేరుందని బడబాబే వచ్చి చెప్పాడు.

"సాహెబ్‌ని దాటి పరిగెత్తిందన్న మాట పై దాకా పోయిందమ్మా."

"దాటబట్టేగా బడబాబూ ప్రాణం దక్కింది!"

"దక్కింది, కాదన్లేదు. కానీ దాటినప్పుడు నీకా సంగతి తెలీదు కదా?"

తెలీదు. ఒళ్ళు మండి దాటాను. ఈ మనిషి నిజం చెబుతున్నాడు, దాంతోనే నన్ను మల్కన్‌గిరి బస్సెక్కిస్తున్నాడు.

ఆ సాయంత్రం మిలీకి చెప్పాను. అది పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "ఈసారి నిన్ను ఏమని పిలవాలో మర్చిపోనులే," అంది. వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను.

సాహెబ్‌ని చూడ్డానికి కటక్ వెళ్ళాను. బదిలీ మాట అడగాలనే వెళ్ళాను, దాచడమెందుకు? మంచం మీద సగం మనిషయ్యారు. నన్ను కూర్చోమన్నారు. కూర్చోలేక నిలబడ్డాను.

"నొప్పి వచ్చినప్పుడల్లా ఫోను చెవిన పెట్టుకునేవాణ్ణి," అన్నారు. "ఊరికే నిలబడితే సాహెబ్‌కి ఏదో అయిందంటారుగా. కానీ లోపల్లోపల, ఎవరో ఒకరు ముందుకొచ్చి ఏమైందని అడుగుతారనుకునేవాణ్ణి."

"మీరే చెప్పొచ్చు కదా ఆజ్ఞా?"

"ఎవరికి? నేను వెనక్కి తిరిగితే అందరూ తలలు దించుకునేవాళ్ళు."

నేనూ దించుకున్నాను, ప్రతిసారీ. గుండెకి గాటు పడ్డ మనిషిని పట్టుకుని నా బదిలీ సంగతేమిటని ఏ నోటితో అడగను? బస్సులో సీటుండి కూడా దారంతా నిలబడే వచ్చాను.

ఇంట్లో ట్రంకు పెట్టె దించి సర్దుకుంటున్న వారంలో కబురొచ్చింది, పొద్దున్నే అందరూ మైదానానికి రావాలని. సాహెబ్ వచ్చారు. చొక్కా వదులైంది. పైపుల గుట్ట పక్క నిలబడి, "మీరంతా ముందు నడవండి, నేను వెనకొస్తాను," అన్నారు.

ఎవరూ కదల్లేదు. ఆయన చెయ్యి ఊపితే కదిలారు, కానీ ఆయనకి వీపు చూపించడం ఎవరికీ రాదు. అందరి మెడలూ వెనక్కే. బడబాబు దాదాపు వెనక్కి నడుస్తూ పోయి సిమెంటు పైపుకి గుద్దుకున్నాడు, పాన్ చొక్కా మీద పడింది. సాహెబ్ నవ్వడం చూసింది అదే మొదటిసారి.

"సైరింద్రీ, ఇలా రా. నిన్న భువనేశ్వర్‌కి ఫోను చేశాను," అన్నారు. "ఈసారి అవతల మనిషి ఉన్నాడు."

నా కాళ్ళు ఆగిపోయాయి. "ఏమన్నారు ఆజ్ఞా?"

"జాబితా మారుస్తున్నారు. నువ్వు ఇక్కడే." నేనేదో అనబోతుంటే చెయ్యి అడ్డం పెట్టారు. "తర్వాత ఏడుద్దువుగాని. ముందు పరిగెత్తు. నువ్వు నడుస్తుంటే చూడ్డానికి నాకే ఇబ్బందిగా ఉంది."

పరిగెత్తాను. ఇంజనీర్లూ గుమాస్తాలూ ఎవరు ఎవరో చూడకుండా అందర్నీ దాటుకుంటూ, మేకల్ని చెదరగొట్టుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ పరిగెత్తాను. గుండ్రటి బాట కదా, చుట్టు పూర్తయ్యేసరికి మళ్ళీ ఆయన వీపే ఎదురుగా ఉంది. నా ప్రమేయం లేకుండానే అడుగు నెమ్మదించింది. రెండు గజాల దూరంలో తల దించుకుని ఆయన వెనకే నడవసాగాను.

ఆయన వెనక్కి తిరగలేదు.

"ఆగావేం? ముందుకొచ్చి ఒకసారి నా ముఖం చూసి పో."

దాటాను. తిరిగి చూశాను. చెమట పట్టి ఉంది, మామూలు చెమటే.